కాలిన టైము చీటీలో రాయించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను బర్న్స్ వార్డులో పనిచేసే నర్సును. కొత్త భవనమో, ఖరీదైన మెషీనో అడగడానికి ఈ లేఖ రాయడం లేదండీ. కాలినవాళ్లను వేరే ఆసుపత్రి నుంచి మా దగ్గరికి పంపేటప్పుడు ఇచ్చే రెఫరల్ చీటీలో ఒక్క గడి కావాలి: ఎన్ని గంటలకు కాలింది?

కాలడమంటే చర్మం సంగతే అని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. ప్రాచీన ఈజిప్టులో తేనె పూశారు. 1925 తర్వాత టానిక్ యాసిడ్ పూసి గాయాన్ని తోలులా గట్టిపరిచారు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుందని తెలిశాక మానేశారు. పైన ఏం పూయాలా అని వాళ్లు చూస్తుంటే లోపల మనిషి ఎండిపోయేవాడు.

1921లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో రియాల్టో థియేటర్ తగలబడింది. ఆ బాధితుల బొబ్బల్లోని నీటిని ఫ్రాంక్ అండర్‌హిల్ అనే శాస్త్రవేత్త పరీక్షిస్తే, అది దాదాపు రక్తంలోని ప్లాస్మాలాగే ఉంది. అంటే రక్తనాళాల్లో ఉండాల్సిన ద్రవమే బయటికి పోతోందన్నమాట. పోయినదాన్ని ఎంత, ఎప్పటిలోగా ఎక్కించాలన్న లెక్క కుదరడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. 1968లో డల్లాస్‌లోని పార్క్‌లాండ్ ఆసుపత్రి నుంచి వచ్చిన సూత్రాన్నే మేం ఇప్పటికీ వాడుతున్నాం.

60 కిలోల మనిషికి ఒళ్లు 30 శాతం కాలిందనుకోండి. కిలో బరువుకు, కాలిన ఒక్కో శాతానికి 4 మిల్లీలీటర్ల చొప్పున 4×60×30, అంటే మొదటి 24 గంటలకు 7,200 మిల్లీలీటర్ల సెలైన్. అందులో సగం మొదటి 8 గంటల్లో వెళ్లాలి. ఆ 8 గంటలు మా వార్డుకు వచ్చినప్పటి నుంచి కాదు, కాలినప్పటి నుంచి. 3 గంటలు దారిలోనే పోతే ఆ 3,600 మిగిలిన 5 గంటల్లోనే ఎక్కాలి. కొన్నిచోట్ల ఇప్పుడు 4కు బదులు 2తో మొదలుపెట్టి, యూరిన్ ఎంత వస్తోందో చూస్తూ సర్దుకుంటారు. గడియారం లెక్క మాత్రం అదే. ఎక్కువైనా ప్రమాదమే, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మాకొచ్చే చీటీలో మాత్రం "బర్న్స్, రెఫర్డ్" అని ఉంటుంది, అంతే. బంధువుల్ని అడిగితే ఆ టెన్షన్‌లో ఒకరు "ఇందాకే" అంటారు, ఇంకొకరు "పొద్దున్నే" అంటారు. అంచనా మీద సెలైన్ వేగం పెట్టాల్సి వస్తుంది.

చర్మం అతికించడం, కృత్రిమ చర్మం, ఇవన్నీ గొప్పవే. కానీ మొదటి రెండు రోజులు గట్టెక్కినవాళ్లకే కదా అవి.

అందుకే కాలిన టైము, కాలిన శాతం, అప్పటిదాకా ఎక్కించిన సెలైన్, ఈ మూడూ లేకుండా చీటీ ఇవ్వకూడదని ఒక సర్క్యులర్ ఇప్పించండి. ఒళ్లు బాగా కాలినవాళ్లకు సెలైన్ మొదలుపెట్టాకే అంబులెన్స్ ఎక్కించాలని కూడా అందులోనే చేర్చండి.

ఇట్లు,
ఒక బర్న్స్ వార్డు నర్సు