శివరాత్రి నాడు చూసిన మేఘం: మన ఆకాశ పరిశీలన సంఘం 2025 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన జనవరి మీటింగులో ఒక మాట అనుకున్నాం. గ్రహణం వస్తే గ్రహణం, తోకచుక్క వస్తే తోకచుక్క అని వచ్చినదాని వెంట పరుగెత్తకుండా, ఈసారి ఏడాదంతా ఒకే విషయం పట్టుకుందామని. నక్షత్రాల మధ్య ఉండే వాయువు, పేలిపోయిన నక్షత్రాల శిథిలాలు: ఇదీ మనం ఎంచుకున్న విషయం. "నల్లగొండోళ్లకు దాంతో ఏం పని?" అని మనలోనే ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు ఫిబ్రవరిలో దొరికింది. ఈ నివేదికలో ఎక్కువ భాగం ఆ రాత్రి గురించే రాస్తున్నాను, మిగతా పనులకు చోటు తగ్గితే మన్నించాలి.

ముందు డిండి సంగతి. పుష్య అమావాస్యకు నాలుగు రోజుల ముందు, జనవరి 25 శనివారం రాత్రి, డిండి ప్రాజెక్టు దగ్గర ఎనిమిది అంగుళాల టెలిస్కోపు పెట్టాం. వృషభ రాశిలో గురుగ్రహం ధగధగ మెరుస్తుంటే పిల్లలంతా దాని మీదే పడ్డారు. దాన్ని వదిలి వృషభం కొమ్ము చివరన ఉన్న చుక్క పక్కకు గొట్టం తిప్పడానికి చాలా బతిమాలాల్సి వచ్చింది. అక్కడుంది పీత మేఘం (క్రాబ్ నెబ్యులా), పేలిపోయిన ఒక నక్షత్రం శిథిలం. ఫొటోల్లో కనిపించే ఎర్రటి, పచ్చటి పోగులేవీ కంటికి కనపడవు. అద్దం మీద ఊదితే పట్టే ఆవిరి మరకలా ఉంటుంది, అంతే. నేరుగా చూస్తే మాయమవుతుంది, కొంచెం పక్కకు చూస్తే మళ్లీ తేలుతుంది. ఒక అమ్మాయి పది నిమిషాలు అలాగే నిలబడి, "ఇప్పుడు కనపడింది అంకుల్" అన్నప్పుడు ఆమె గొంతు వణికింది.

1054 జూలై 4న చైనా జ్యోతిష్కులు ఆ చోటనే కొత్త చుక్కను చూసి రాసిపెట్టారు. 23 రోజుల పాటు పట్టపగలే కనిపించిందట. మన పానగల్లు, కొలనుపాక కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉన్న కాలమది. పేలిన నక్షత్రం మనకు దాదాపు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని చెత్త ఇంకా సెకనుకు 1,500 కిలోమీటర్ల వేగంతో బయటికి విరజిమ్ముతూనే ఉంది. నల్లగొండ నుంచి ఢిల్లీకి ఒక్క సెకనులో పోయేంత వేగం. నడిమధ్యన మిగిలిన గుండె, ఒక ఊరంత ఉండే న్యూట్రాన్ నక్షత్రం, సెకనుకు 30 సార్లు గిర్రున తిరుగుతోంది.

ఇక శివరాత్రి. ఫిబ్రవరి 26. ఎలాగూ ఊరంతా జాగారం ఉంటుంది, చంద్రుడి వెలుగూ ఉండదు. మర్రిగూడ మండలంలోని ఒక ఊళ్లో, గుడి వెనక చెల్కలో టెలిస్కోపు పెట్టాం. మైకు సెట్టు వాళ్లను అడిగితే అటువైపు ఫోకస్ లైట్లు ఆర్పేశారు, వాళ్లకు మన అందరి తరఫున కృతజ్ఞతలు. ఆ పొద్దు మృగశిర, ఆరుద్ర నడినెత్తిన ఉన్నాయి. మిరుగం కార్తె, ఆరుద్ర కార్తె అంటూ మన రైతులు దుక్కి, విత్తనం లెక్క వేసుకునే చుక్కలే అవి. కార్తె నడిచే రోజుల్లో సూర్యుడు వాటి దగ్గరే ఉంటాడు కాబట్టి అప్పుడు కనపడవు. చలికాలం వస్తేనే చూడగలం. ఆ గుంపులోనే, మూడు చుక్కల వరుస కింద, మసగ్గా కనిపించేది ఓరియన్ మేఘం. కొత్త నక్షత్రాలు పుడుతున్న చోటు అది, దాదాపు 1,300 కాంతి సంవత్సరాల దూరం.

వరుసలో ఒక పెద్దాయన ఉన్నాడు. నడుము పూర్తిగా వంగిపోయింది, మెడ తిరగదు. ఈ ప్రాంతం వాళ్లకు కారణం చెప్పనక్కరలేదు, చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ బోరు నీళ్లే. అందరూ తలెత్తి చూస్తుంటే ఆయన నేలచూపులతోనే నిలబడ్డాడు. మనవాళ్లు గుడి దగ్గర్నుంచి ఒక నులక మంచం తెచ్చి, ఆయన్ను దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, టెలిస్కోపు తొట్టిని ఇటుకల మీద నుంచి దించారు. అయినా కన్ను అందలేదు. చివరికి ఇద్దరు పిల్లలు ఆయన్ను భుజాల కింద పట్టి ఓరగా లేపారు. కన్ను ఐపీస్‌కు ఆనిన తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

"ఊదుబత్తి పొగ లెక్క కనవడ్తుంది సారూ," అన్నాడు.

"పొగే పెద్దయ్యా, వాయువు."

"అండ్ల నీళ్లుంటయా?"

ఉంటాయన్నాను. ఆవిరి రూపంలో ఉన్నాయి, శాస్త్రవేత్తలు కొలిచారు కూడా. పక్కనున్న డిగ్రీ పిల్లవాడు ఊరుకోలేక, "ఫ్లోరైడ్ కూడా ఉంటది తాతా," అనేశాడు. అక్కడున్న వాళ్లంతా ఒక్కసారిగా గప్‌చిప్ అయ్యారు. పెద్దాయన మంచం మీది నుంచే, "గాడి దాంక గూడ పోయిందా అది?" అని అడిగాడు.

ఆ ప్రశ్నకు అక్కడ నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను. అది ఇక్కడి నుంచి అక్కడికి పోలేదు. అలాంటి మేఘాల్లోంచే ఇక్కడికి వచ్చింది.

నక్షత్రాల మధ్య చోటు ఖాళీ కాదు. సగటున ఘనపు సెంటీమీటరుకు ఒక పరమాణువు చొప్పున వాయువు ఉంటుంది. మనం పీల్చే గాలిలో అంతే చోటులో ఉండే అణువులు రాయాలంటే 25 పక్కన 18 సున్నాలు పెట్టాలి. పోల్చి చూడండి, ఎంత పలచనో. ఆ వాయువులో ఎక్కువ భాగం హైడ్రోజన్, తర్వాత హీలియం. మిగతా మూలకాలు దాదాపు అన్నీ నక్షత్రాలు వండి బయటికి వదిలినవే. వాటిలో ఫ్లోరైడ్‌కు మూలమైన ఫ్లోరిన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. అది ఎక్కడ హైడ్రోజన్ కనిపించినా పట్టేసుకుంటుంది. మేఘాల్లోని చలిలో కూడా ఈ కలయిక జరుగుతుంది, అందుకే చిక్కటి మేఘాల్లో ఫ్లోరిన్ దాదాపు అంతా హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గానే దొరుకుతుంది.

దాన్ని పట్టే పద్ధతి మన పిల్లలకు బాగా నచ్చింది. మేఘం వెనక నుంచి వచ్చే కాంతిలో ఒక ఖచ్చితమైన చోట వెలితి ఏర్పడుతుంది. ఆ వెలితి హైడ్రోజన్ ఫ్లోరైడ్ మింగిన కాంతి. మన వాతావరణంలోని నీటి ఆవిరి ఆ కాంతిని నేల దాకా రానివ్వదు కాబట్టి పైకి పోయి చూడాల్సిందే. మొదట 1997లో యూరప్ వాళ్ల ఐఎస్ఓ ఉపగ్రహం మన పాలపుంత నడిబొడ్డు దగ్గరి ఒక మేఘంలో దాన్ని గుర్తించింది. 2010లో హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపు ఓరియన్ మేఘంలోనే పట్టుకుంది. అంటే పెద్దాయన ఆ రాత్రి చూసిన మసక వెలుగు పక్కనే. 2021లో చిలీలోని ఆల్మా టెలిస్కోపు 1,200 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలోని ఒక గెలాక్సీలో కూడా చూసింది. అంత దూరం వచ్చేసరికి కాంతి తరంగం సాగిపోయి నేల మీది యాంటెనాలకు అందే చోటికి చేరింది.

మరి ఫ్లోరిన్‌ను వండింది ఎవరు? ఇది ఇంకా తేలని తగువు. నక్షత్రం లోపలి వేడిలో ఫ్లోరిన్ నిలవదు, పుట్టినంత తొందరగా కరిగిపోతుంది. కాబట్టి పుట్టగానే బయటికి విసిరేసే చోటు కావాలి. ముసలితనంలో ఉబ్బిపోయి పొరలు వదిలే నక్షత్రాలని కొందరంటారు. పేలబోయే ముందు భయంకరమైన గాలులు వదిలే వోల్ఫ్-రాయే నక్షత్రాలని ఆల్మా గెలాక్సీని చూసినవాళ్లు అంటారు. పేలుడులో బయటపడే న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు నియాన్‌ను తాకి ఫ్లోరిన్‌గా మారుస్తాయన్నది మూడో మాట. మూడింటికీ వాటా ఉందనే నా నమ్మకం. ఎవరు వండినా ఆ బూడిద మేఘాల్లో కలిసింది, అలాంటి ఒక మేఘం కుంగి 460 కోట్ల ఏళ్ల కింద సూర్యుడు, భూమి తయారయ్యాయి. మన నల్లగొండ నల్లరాతి గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్లవి. ఆ రాళ్లలో చిక్కుకున్న ఫ్లోరైడ్ నీళ్లలోకి కరుగుతోంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని లెక్క. ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్ కాల్షియంను వెతుక్కుంటూ ఎముకల్లో చేరుతుంది. ఆ కాల్షియం కూడా పేలిన నక్షత్రాల్లో తయారైనదే. ఎక్కడో ఆకాశంలో పుట్టిన రెండు మూలకాలు మా పెద్దాయన వెన్నెముకలో కలుసుకున్నాయి.

ఈ మాటతో ఆయన నొప్పి తగ్గదని నాకు తెలుసు. కానీ నీళ్లు పాడవడం మా కర్మ, దేవుడి శాపం అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అది రాయి గుణం అని, కొలవొచ్చని, ఆపొచ్చని చెప్పడానికి నాకు ఇంతకంటే బలమైన దారి కనిపించలేదు. మర్నాడు పొద్దున అదే ఊళ్లో బడి పిల్లల ముందు రెండు గ్లాసులు పెట్టాం. ఒకదాంట్లో మూసేసిన పాత బోరు నీళ్లు, ఇంకోదాంట్లో భగీరథ నల్లాలో వచ్చే కృష్ణ నీళ్లు. కిట్టులోని ఎర్రటి మందు చుక్కలు వేస్తే నల్లా నీళ్లలో రంగు అలాగే నిలిచింది, బోరు నీళ్లలో చూస్తుండగానే పసుపుకు తిరిగింది. రాత్రి ఆకాశంలో కాంతి తగ్గడం గురించి చెప్పాం, పొద్దున గ్లాసులో రంగు పోవడం చూపించాం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు మన జిల్లా పేరే పెట్టారని, దాన్ని ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అంటుందని చెబితే పిల్లలు నమ్మలేదు.

మిగతా పనులు క్లుప్తంగా. మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాక నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లను చూసి వచ్చాం. ఒక బండ మీద గుంటలుగా చెక్కిన సప్తర్షి మండలం ముందు మనవాళ్లు గంట కూర్చున్నారు. ఎండాకాలం రాత్రుల్లో వంతులు వేసుకుని ఉత్తర కిరీటంలోని నోవా కోసం కాపు కాశాం. 1866లో, 1946లో మండిన చుక్క అది, మేం చూసిన రాత్రుల్లో మాత్రం మండలేదు. సెప్టెంబరు 7 సంపూర్ణ చంద్రగ్రహణం కార్యక్రమం జరిగింది. శ్రీహరికోట నుంచి 2024 జనవరి 1న ఎగిరిన, ఎక్స్-రే కిరణాలను చూసే ఇస్రో ఉపగ్రహం ఎక్స్‌పోశాట్ గురించి ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. దాని ఎక్స్‌పెక్ట్ పరికరం మొదట చూసింది కాసియోపియా ఏ అనే పేలిన నక్షత్రాన్నే, దాంట్లో కాల్షియం గీత కూడా పట్టింది. ఎముకల సంగతి విన్నవాళ్లకు ఆ గ్రాఫు వేరేగా కనిపించింది.

ఒక నష్టం కూడా చెప్పాలి. టెలిస్కోపు అద్దానికి కొత్త పూత కోసం జూన్‌లో బయటికి పంపితే, నాలుగు నెలల తర్వాత అంచున గీతతో తిరిగొచ్చింది. అడిగితే సమాధానం లేదు. బొమ్మకు పెద్ద తేడా రాలేదు కానీ వానాకాలమంతా టెన్షన్ పడ్డాం. ఇకపై పంపేముందు ఫొటోలు తీసి, రసీదు మీద రాయించుకోవాలని కమిటీ తీర్మానించింది.

నవంబరులో గరాటా యాంటెనా మొదలుపెట్టాం. నల్లగొండలో కూలర్లు చేసే అతను జీఐ రేకుతో నాలుగు పలకల గరాటా చేసిచ్చాడు, మొదట్లో థిన్నర్ డబ్బా బిగించాం. నక్షత్రాల మధ్య హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల తరంగం మీద తనంతట తానే పలుకుతుంది, అమెరికాలో దాన్ని మొదట విన్నది 1951లో. మన మేడ మీద మొదటి మూడు రాత్రులు ఎల్‌ఈడీ బల్బుల గోల తప్ప ఏమీ రాలేదు. నాలుగో రాత్రి వీధి దాటి చెల్కలోకి తీసుకుపోయి పాలపుంత వైపు తిప్పితే, లాప్‌టాప్ గీత మీద 1420 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న బుడిపె లేచింది. గరాటాను పక్కకు తిప్పితే తగ్గింది, మళ్లీ తిప్పితే లేచింది. మబ్బు పట్టినా ఇది పనిచేస్తుంది కాబట్టి వచ్చే మిరుగంలో కూడా మనకు సెలవు లేదు.

జమాఖర్చులు సర్వసభ్య సమావేశంలో చదివి ఆమోదించాం, పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది.

ఈసారి శివరాత్రి ఫిబ్రవరి 15, ఆదివారం. అదే ఊరు, అదే చెల్క. ఐపీస్ మంచం ఎత్తుకు దిగేలా కొత్త స్టాండు వడ్రంగికి అప్పగించాం, ఫిబ్రవరి మొదటి వారంలో వస్తుంది. పెద్దాయనకు కబురు పంపాం. ఎత్తుకోకుండానే చూడొచ్చా అని అడిగారట.

కార్యదర్శి