కళ్లు మూసుకోమని అందరికీ చెప్పకండి

సంపాదకులకు,

ఊరు మునిగినా, బస్సు బోల్తా పడినా, ఆ వారంలోనే పత్రికల ఆరోగ్యం పేజీలో ఓ పెట్టె కనిపిస్తుంది. వెల్లకిలా పడుకోండి, కళ్లు మూసుకోండి, గుండెల నిండా గాలి పీల్చండి, కాసేపు బిగబట్టండి అని. పునరావాస శిబిరాల్లో వాలంటీర్లు మైకు పట్టుకుని చేయించేదీ దాదాపు ఇదే. బెదిరిన మనసును ఒంటి ద్వారా కుదుటపరచవచ్చన్న మాట నిజమే. కానీ ప్రాణాల మీదికి వచ్చి బయటపడ్డవాళ్లలో కొందరికి ఆ నాలుగు సూచనలూ ఎదురు తిరుగుతాయి. ఎందుకో, బదులుగా ఏం చేయించాలో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఊపిరి బిగబట్టే సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు పీకల్లోతు నీళ్లలో చిక్కుకున్న మనిషికి కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, మళ్లీ మునగడమే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి పీల్చి రోడ్డు మీదే కూలిపోయినవాళ్లకు ‘ధ్యాసంతా ఛాతీ మీద పెట్టండి’ అన్న ఒక్క మాటకే గొంతు పట్టేయొచ్చు. ఇక పెద్ద పెద్ద ఊపిర్లు వరసగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. మెదడులో రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది, పెదాల చుట్టూ చీమలు పాకినట్టుంటుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. భయం ముంచుకొచ్చినప్పుడు కనిపించే లక్షణాలూ ఇవే కదా! పాపం, ఆ మనిషి ‘నాకు మళ్లీ మొదలైంది’ అనుకుని మరింత గట్టిగా గాలి పీలుస్తాడు. వేగంగా, బలంగా ఊపిరి ఆడించే భస్త్రిక, కపాలభాతి ఈ స్థితిలో ఉన్నవాళ్లతో చేయించకపోవడమే మేలు.

కళ్లు మూయించడం మరో పొరపాటు. గుర్తుకు రాకూడనివి గుర్తొచ్చేది ఆ చీకట్లోనే. అత్యాచారానికో ఇంట్లో హింసకో గురైన స్త్రీని హాల్లో దీపాలార్పి వెల్లకిలా పడుకోబెట్టి, వెనక నుంచి ఎవరో నడుస్తుంటే ఆమె ఒళ్లు విశ్రాంతి తీసుకోదు, కాపలా కాస్తుంది. ఆసనం సరిచేయడానికి భుజం మీద చెయ్యి వేయడమూ అంతే. ‘ముట్టుకోవచ్చా’ అని అడిగితే సరిపోతుందని కొందరు శిక్షకులంటారు. మన దగ్గర గురువు అడిగితే మొహమాటానికి సరేననేవాళ్లే ఎక్కువ. కాబట్టి ముట్టుకోకుండా తమ ఒంటి మీదే చూపించాలి.

అసలు బెదిరిన ఒళ్లు రెండు రకాలుగా ఉంటుంది. చాలామంది ఒక్కదాన్నే గుర్తిస్తారు. మొదటిది అందరికీ తెలిసిందే: రేకుల మీద చినుకు పడ్డా, లారీ హారన్ వినబడ్డా గుండె దడ, బిగిసిన దవడ, చెవుల దాకా లేచిన భుజాలు. రెండోది చడీచప్పుడు లేనిది. మనిషి మొద్దుబారిపోతాడు, చేతులు చల్లబడతాయి, మాటలు ఎక్కడో దూరం నుంచి వినబడుతున్నట్టు ఉంటాయి. ‘ఎంత ధైర్యంగా ఉన్నాడో’ అని చుట్టాలు మెచ్చుకునేది ఇతన్నే. ఇలాంటి మనిషిని పడుకోబెట్టి ‘వదులు చేయండి’ అంటే ఇంకా లోపలికి జారిపోతాడు. ఇతనికి కావాల్సింది మేలుకొలుపు.

దడ ఉన్నవాళ్లతో ఇలా మొదలుపెట్టవచ్చు. వీపు గోడవైపు, చూపు తలుపువైపు ఉండేలా కుర్చీలో కూర్చోవాలి. కళ్లు తెరిచే ఉంచి ఎదురుగా ఏదో ఒకచోట నిలపాలి. చెప్పులు విప్పి అరికాళ్లు నేలకు ఆనించి, 5 సెకన్లు నేలను తొక్కుతున్నట్టు అదిమి, 10 సెకన్లు వదిలేయాలి. ఇలా మూడుసార్లు. తర్వాత తలను మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పుతూ గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పాలి: ఫ్యాను, బిందె, క్యాలెండరు, ఏదైనా సరే. ఊపిరి వంతు ఆ తర్వాతే. ముక్కుతో మామూలుగా మూడు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఐదో ఆరో లెక్కపెట్టేంతసేపు వదలాలి. మధ్యలో బిగబట్టకూడదు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, కిటుకంతా వదలడంలోనే ఉంది. మొదటిరోజు ఐదారు ఊపిర్లు చాలు, తర్వాత రెండు మూడు నిమిషాల దాకా పెంచుకోవచ్చు. లెక్కతో ఇబ్బంది పడేవాళ్లు ఊపిరి వదులుతూ ‘మ్‌మ్’ అని సన్నగా మూలిగినా అదే పని జరుగుతుంది.

మొద్దుబారినవాళ్లను నిలబెట్టాలి. మడమలెత్తి నేలకు దించడం పదిసార్లు, అరచేతులతో తొడల మీద చరుచుకోవడం, చల్లటి మజ్జిగ గ్లాసు రెండు చేతులా పట్టుకోవడం, చిన్న అల్లం ముక్క నమలడం, ఇలాంటివి పనికొస్తాయి. ముఖం చల్లనీళ్లలో ముంచమని కొన్ని వీడియోల్లో చెబుతున్నారు. గుండె జబ్బున్నవాళ్లకు అది వద్దు, నాడి ఒక్కసారిగా తగ్గిపోతుంది.

ఇవన్నీ మనసు కాస్త నెమ్మదిగా ఉన్న వేళ, రోజుకు రెండుసార్లు అలవాటు చేసుకోవాల్సినవి. భయం పట్టినప్పుడే మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయవు. అప్పుడు ‘ఇదీ నాకు పనికిరాలేదు’ అన్న నిరాశ ఒకటి అదనం. చేస్తుండగా చూపు మసకబారినా, వికారమొచ్చినా, పిలిస్తే పలకకపోయినా వెంటనే ఆపించి, ఊరు పేరు, తారీఖు అడిగి మాట్లాడించాలి. ఏడుపొస్తే ఆపక్కర్లేదు, కానీ రప్పించడానికి ప్రయత్నించకూడదు.

ఆ చివరి మాట ఊరికే అనలేదు. కండరాల్లో ‘నిలిచిపోయిన’ బాధను బయటికి తీస్తామంటూ మనుషుల్ని వణికించి, ఏడిపించి వేలకు వేలు వసూలు చేసే శిబిరాలు వెలుస్తున్నాయి. కండరంలో జ్ఞాపకాలు దాగి ఉండవు. బిగుసుకోవడం నాడీవ్యవస్థకు పట్టిన అలవాటు, దాన్ని మాన్పించడానికి రోజులు పడుతుంది. గట్టిగా ఏడవడం నయమైందనడానికి రుజువు కాదు. అలాగని ఒంటితో చేసే సాధనంతా ఉత్తదేననీ అనలేం. వైద్యానికి లొంగని పీటీఎస్‌డీ (ఘోర సంఘటన తర్వాత మిగిలిపోయే భయం జబ్బు) ఉన్న 64 మంది స్త్రీలపై అమెరికాలో జరిగి 2014లో అచ్చయిన అధ్యయనంలో, వారానికి గంట చొప్పున 10 వారాలు వాళ్లకు తగ్గట్టు మార్చిన యోగా చివరిదాకా చేసిన 31 మందిలో 16 మంది ఆ జబ్బు నిర్ధారణ నుంచి బయటపడ్డారు. యోగాకు బదులు ఆరోగ్య తరగతులకు చివరిదాకా వెళ్లిన 29 మందిలో 6 మందే. అయితే వాళ్లంతా అప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లు. యోగా ఆ చికిత్సకు తోడు, బదులు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు పీటీఎస్‌డీకి ముందు చెప్పేది ట్రామాకు (ఘోర అనుభవం మిగిల్చిన గాయానికి) ఉద్దేశించిన సీబీటీ (ఆలోచనల్ని, ప్రవర్తనను సరిదిద్దే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే చికిత్స)లనే. సంఘటన జరిగిన తొలి నెలలో నిద్ర కోసమైనా సరే డయాజెపామ్ జాతి మత్తు మాత్రలు ఇవ్వవద్దని కూడా ఆ పత్రమే చెప్పింది. మన ఊళ్లలో తెలిసినవాళ్ల మందుల షాపు నుంచి ఇంటికొచ్చేవి తరచూ అవే.

తొలి నెలలో చాలామంది తిండి, నిద్ర, తనవాళ్ల తోడుతో తేరుకుంటారు. జరిగింది పదేపదే చెప్పించకుండా ఉంటే చాలు. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ దారిన వెళ్లలేకపోవడం తగ్గకపోతే సైకియాట్రిస్టుకో క్లినికల్ సైకాలజిస్టుకో చూపించాలి. తలకు దెబ్బ తగిలినవాళ్లకు వాంతులైనా, ఎవరికైనా ఛాతీలో నొప్పి వచ్చినా ‘భయం వల్లే’ అని తేల్చకుండా ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీ పత్రికకు నా విన్నపం చిన్నది. ఇలాంటి పెట్టె వేసిన ప్రతిసారీ దాని కింద మూడు వాక్యాలు చేర్చండి: కళ్లు తెరిచే చేయవచ్చు, ఊపిరి బిగబట్టనక్కర్లేదు, ఇబ్బందిగా ఉంటే ఆపేయండి. పక్కనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న ఆ ఉచిత సేవలో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు మాత్రం లోపలి పేజీలో కాదు, ప్రమాద వార్త ఉన్న పేజీలోనే రావాలి.

– ఒక క్లినికల్ సైకాలజిస్ట్, గుంటూరు