కాక్‌టైల్ యాత్రకు కొలతలు కూడా ఇవ్వండి

సంపాదకులకు,

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు నయాగరాతో ఆగడం లేదు, న్యూ ఆర్లీన్స్ కూడా చూసొస్తున్నారు. అందుకు తగ్గట్టే ప్రయాణ పేజీల్లో ఆ ఊరి కాక్‌టైల్ బార్ల మీద వ్యాసాలు వస్తున్నాయి. సంతోషమే. కానీ వాటిలో బార్ల పేర్లు, ఫొటోలు ఉంటున్నాయి తప్ప ఏ గ్లాసులో ఎంత మందు పడుతుందో ఉండడం లేదు. ఒక్క రోజులో నాలుగు బార్లు తిరగాలనుకునేవాళ్లకు ముందు కావాల్సింది ఆ లెక్కే.

మనకు అలవాటైన కొలత చిన్న పెగ్గు. 30 మి.లీ., 42.8 శాతం. అందులో అసలు ఆల్కహాల్ సుమారు 10 గ్రాములు. అది ఒంట్లోంచి పోవడానికి మామూలు మనిషికి గంట నుంచి గంటన్నర పడుతుంది. ఇదే కొలతతో న్యూ ఆర్లీన్స్ గ్లాసులను చూడండి. నెపోలియన్ హౌస్ అనే బార్‌లో ఇచ్చే పిమ్స్ కప్‌లో పడేది 25 శాతం మందు, అదీ కొద్దిగానే. మిగతాదంతా నిమ్మరసం, సోడా, దోసకాయ ముక్క. ముప్పావు పెగ్గుకు మించదు. 60 మి.లీ. రై (ఒక ధాన్యం) విస్కీతో చేసిన సాజెరాక్ అనే కాక్‌టైల్ రెండు పెగ్గుల పైమాటే. వ్యూ కారే అనేదాంట్లో రై 30, కోన్యాక్ (ఫ్రెంచ్ బ్రాందీ) 30, తీపి వెర్మూత్ (మూలికలు వేసిన వైన్) 30, ఆపైన ఒక చెంచా బెనెడిక్టిన్ (మూలికల తీపి మందు). లెక్క వేస్తే రెండున్నర పెగ్గులు. హరికేన్ అనే కాక్‌టైల్‌కు పాత కొలత ప్రకారం పోసే రమ్ 120 మి.లీ. అంటే నాలుగు పెగ్గులు ఒకే గ్లాసులో! ప్యాషన్ ఫ్రూట్ తీపి వల్ల ఆ ఘాటు నాలుకకు తెలియదు, ఎండలో దాహానికి గటగటా తాగేస్తారు. చాలామందికి రోజు అక్కడే ముగిసిపోతుంది. మధ్యాహ్నం రెండింటికే హరికేన్‌తో మొదలుపెట్టమని రాసేవాళ్లు ఈ లెక్క చూసుకోలేదనే అనుకోవాలి.

కాబట్టి తేలికదానితో మొదలుపెట్టి గట్టిదానికి వెళ్లాలి. ఉదయం కెనాల్ వీధి మొదట్లో ఉన్న సాజెరాక్ హౌస్ చూడొచ్చు. 2019లో తెరిచిన ప్రదర్శనశాల, ప్రవేశం ఉచితం, ముందే ఆన్‌లైన్‌లో సమయం రాయించుకుంటే మంచిది. అక్కడ రుచికి ఇచ్చే చిన్న మోతాదులనూ లెక్కలో కలుపుకోవాలి. మధ్యాహ్నం నెపోలియన్ హౌస్‌లో తిండి, పిమ్స్ కప్. ఆ ఊరి మేయర్‌గా చేసిన నికొలస్ జిరో ఇల్లు అది. నెపోలియన్‌ను సెయింట్ హెలెనా నుంచి తప్పించి తెచ్చి ఆ ఇంట్లో ఉంచాలనుకున్నారని చెప్పుకుంటారు. అక్కడ పేరున్న మఫలెట్టా రొట్టెలో పంది మాంసం ఉంటుంది. తిననివాళ్లు ముందే అడగాలి.

ఆ తర్వాత మాంటిలియోన్ హోటల్‌లోని కారోసెల్ బార్. వ్యూ కారే 1930ల్లో ఈ హోటల్‌లోనే పుట్టింది. ఇక్కడ 25 సీట్లున్న కౌంటరు 1949 నుంచి తిరుగుతూ ఉంది, ఒక చుట్టుకు 15 నిమిషాలు. సాయంత్రమైతే ఆ సీట్లు దొరకడం కష్టం, మూడింటికల్లా వెళితే దొరకొచ్చు. బాత్‌రూమ్‌కు వెళ్లి వచ్చేసరికి మీ సీటు మీరు వదిలిన చోట ఉండదు, కంగారు పడొద్దు. ఇద్దరు వెళితే ఒక వ్యూ కారే చెప్పి పంచుకోవడం నయం. పంచుకోవడానికి ఖాళీ గ్లాసు అడిగితే ఇస్తారు.

సాయంత్రానికి సాజెరాక్ మిగలాలి. దాన్ని చేస్తుంటే కౌంటరు దగ్గర నిలబడి చూడాలి, ఆ ఊరంతా ఆ గ్లాసులో కనిపిస్తుంది. రెండు గ్లాసులు తీస్తారు. ఒకదాని నిండా ఐసు వేసి చల్లబడనిస్తారు. రెండోదాంట్లో చక్కెర బిళ్ల పెట్టి, దాని మీద పెషో బిటర్స్ (మూలికలతో చేసిన చేదు ద్రావణం) మూడు విదిలింపులు వేసి నలుపుతారు. బిళ్ల మొత్తం తడవకపోతే చక్కెర కరగదు, అడుగున పలుకులు మిగిలి ఆఖరి గుటక పానకమైపోతుంది. రై పోసి, ఐసు వేసి, పొడవాటి చెంచాతో అర నిమిషం తిప్పుతారు. షేకర్‌లో ఊపరు. ఊపితే గాలి చేరి మబ్బుగా అవుతుంది, నీరూ ఎక్కువ పడుతుంది. ఇప్పుడు మొదటి గ్లాసులోని ఐసు పారబోసి, సోంపు వాసన ఉండే మందులైన హెర్బ్‌సెయింటో అబ్సింతో కాస్త పోసి, గోడలకు పట్టేలా గ్లాసును గుండ్రంగా తిప్పి, మిగిలింది ఒంపేస్తారు. ఒంపకుండా ఉంచితే సోంపు వాసన విస్కీని మింగేస్తుంది. అందులోకి వడకట్టి, నిమ్మతొక్క పేడును పైన మెలిపెడతారు. వెలుతురుకు ఎదురుగా చూస్తే ఆ నూనె సన్నని తుంపరగా పడడం కనిపిస్తుంది. తాగేటప్పుడు గ్లాసులో ఐసు ఉండదు. అందుకే గ్లాసు ముందే చల్లబడాలి, అందుకే దాన్ని గంటసేపు ముందు పెట్టుకుని కూర్చోకూడదు.

ఇందులో చరిత్ర కూడా ఉంది. బిటర్స్ చేసిన ఆంత్వాన్ పెషో ఆ ఊళ్లో మందుల దుకాణం నడిపినవాడు. సాజెరాక్‌ను మొదట్లో కోన్యాక్‌తో చేసేవారని చెబుతారు. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను నాశనం చేశాక రై ఆ చోటును పూర్తిగా ఆక్రమించింది. 1912లో అమెరికా అబ్సింత్‌ను నిషేధించింది. దాని బదులుగా 1930ల్లో వచ్చిందే హెర్బ్‌సెయింట్. నిషేధం 2007లో తొలగినా ఆ ఊరు హెర్బ్‌సెయింట్‌ను వదల్లేదు.

శాకాహారుల సంగతి మన వ్యాసాల్లో అసలు కనిపించదు. 1888లో హెన్రీ రామోస్ మొదలుపెట్టిన రామోస్ జిన్ ఫిజ్‌ను ‘నురగల పానీయం’ అని రాసి ఊరుకుంటారు. ఆ నురగ కోడిగుడ్డు తెల్లసొన, అదీ పచ్చిది. 45 మి.లీ. జిన్, రెండు రకాల నిమ్మరసం, చక్కెర పాకం, 60 మి.లీ. మీగడ, 30 మి.లీ. తెల్లసొన, నారింజ పూల నీరు మూడు చుక్కలు. పూల నీరు ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది. దీన్ని నిమిషాల తరబడి ఊపాలి. రామోస్ అందుకోసమే వరుసగా కుర్రాళ్లను పెట్టుకున్నాడు. రద్దీ వేళ అడిగితే సరిగ్గా ఊపే తీరిక ఎవరికీ ఉండదు, నురగ నిలవదు. మధ్యాహ్నమే అడగాలి. గుడ్డు తిననివాళ్లకు బ్రాందీ మిల్క్ పంచ్ ఉంది, పాలు, చక్కెర, వెనిలా, పైన జాజికాయ పొడి. బ్లడీ మేరీ టమాటా రసమే కదా అనుకోవద్దు, అందులో వేసే వోర్సెస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా చేప ఉంటుంది.

ఇక డబ్బు, చట్టం. 21 ఏళ్లు నిండాలి. గుర్తింపుగా అసలు పాస్‌పోర్టు దగ్గరుండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. టిప్పు గ్లాసుకు ఒకటి రెండు డాలర్లు, ఖాతా పెడితే బిల్లులో ఐదో వంతు. ఇది దానం కాదు. అక్కడ టిప్పుల మీద బతికే పనివాళ్లకు యజమాని ఇవ్వాల్సిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లే. ఆ ఊరి పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో ప్లాస్టిక్ కప్పుతో వీధిలో నడుస్తూ తాగొచ్చు, గాజు గ్లాసు మాత్రం బయటికి తేకూడదు. అలాగని ఆ కప్పుతో కారెక్కకూడదు. తాగి నడిపి పట్టుబడితే జరిమానాతో పోదు, కేసు తేలకముందే వీసా రద్దు కావచ్చు. చదువుకునే పిల్లలతో వెళ్లే తల్లిదండ్రులకు ఈ ఒక్క వాక్యం పెద్దక్షరాల్లో వేయండి.

ఇలాంటి వ్యాసం వేసినప్పుడల్లా పక్కన చిన్న పట్టిక ఒకటి ఇవ్వాలని కోరుతున్నాను. ఏ పానీయంలో ఎన్ని మి.లీ. మందు, ఎంత శాతం, గుడ్డు, పాలు, చేప ఉన్నాయా లేదా, ఏ వేళకు వెళితే చోటు దొరుకుతుంది. నాలుగు గడులు చాలు. తాగనివాళ్ల కోసం ఒక గడి అదనంగా ఉంచండి. సోడాలో బిటర్స్ వేయించుకుంటే మందు లేనట్టే అని కొందరు రాస్తున్నారు. పెషో బిటర్స్ 35 శాతం, అంగొస్టురా 44.7 శాతం. పడేది చుక్కలే అయినా, ఒట్టు పెట్టుకున్నవాళ్లకూ మాత్రలు వేసుకునేవాళ్లకూ ఆ సంగతి చెప్పి తీరాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ