సెలవు రోజుల్లో చావు కాగితాలు చూసేదెవరు?

సంపాదకులు గారికి,

పోయిన వారం మీ జిల్లా ఎడిషన్‌లో లాంగ్ వీకెండ్ల మీద పెద్ద వ్యాసం వేశారు. ఒక్క లీవు పెట్టుకుంటే ఎక్కడెక్కడ తిరిగి రావచ్చో చెప్పారు. దుబాయ్, సౌదీల్లో పండుగ సెలవులు ఎన్నాళ్లో పక్కనే బాక్స్ కట్టి ఇచ్చారు. ఆ సెలవులు మా పాలమూరు ఇళ్లలో ఎట్లా గడుస్తాయో మాత్రం ఒక్క వాక్యం లేదు.

మా అక్క కొడుకు సౌదీలో డ్రైవర్. 2025 మార్చిలో, రంజాన్ ఉపవాసాలు ముగిసే ముందు, గుండెపోటుతో పోయాడు. శవాన్ని పంపాలంటే వారసుల సమ్మతి పత్రం ఇక్కడ నోటరీ చేయించి పంపాలన్నారు, పంపాం. మార్చి 27 గురువారం మధ్యాహ్నం వాట్సాప్‌లో తిరిగొచ్చింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మీ కాగితంలో పొడి అక్షరమే ఉంది, మార్చమన్నారు. ఆ సాయంత్రమే సరిచేసి పంపినా అప్పటికే అక్కడ ఆఫీసు కట్టేశారు. శుక్ర, శనివారాలు వాళ్లకు వారాంతం. 30వ తేదీ నుంచి పండుగ, ప్రైవేటు కంపెనీలకు నాలుగు రోజులు సెలవు. ఏప్రిల్ 3 గురువారం ఒక్కరోజు తెరిచి మళ్లీ శుక్ర, శని.

ఇక్కడన్నా పని అయిందా? కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం మండల ఆఫీసుకు పోతే మార్చి 30 ఆదివారం, ఉగాది. 31 రంజాన్, మర్నాడూ సెలవే. సోమవారం సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి కూడా, 31 సెలవు కాబట్టి, ఆ వారం లేదు. ఏప్రిల్ 5 జగ్జీవన్‌రామ్ జయంతి, 6 శ్రీరామనవమి. గేటుకు తాళం. సంబంధిత ఉద్యోగి ఫోన్ ఎత్తలేదు. మా అక్క ఫోన్ మోగినప్పుడల్లా లేచి కూర్చునేది. వచ్చిన చుట్టాలు ఉండలేరు, పోలేరు. ఇంటి ముందు వేసిన షామియానా విప్పించి, మళ్లీ వేయించాల్సి వచ్చింది.

పండుగలు చేసుకోవద్దని నేను అనడం లేదు. వాళ్లదీ మనదీ ఎవరి పండుగ వాళ్లకు ముఖ్యం. కానీ సౌదీకి శుక్ర, శని సెలవు, మనకు ఆదివారం. రెండు వైపులా ఆఫీసులు నడిచేది సోమవారం నుంచి గురువారం దాకానే. దుబాయ్‌లో 2022 నుంచి శని, ఆదివారాలకు మార్చారు. నెలవంక కనిపిస్తే గానీ పండుగ ఏ రోజో తేలదు. ఇన్ని సంగతులు తెలిసిన మనిషి మన జిల్లాలో ఒక్కరున్నారా? గల్ఫ్ అంటే కరీంనగర్, నిజామాబాద్, పాలమూరు అంటే ముంబై, పుణే కూలీలు అని ఒక లెక్క రాసి పెట్టుకున్నారు. ఆ లెక్క వల్ల మా మండలాల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు ఎవరి కంటికీ కనిపించరు. సెలవు రోజు పని చేయిస్తే ఓవర్‌టైమ్ కట్టివ్వాలని సౌదీ చట్టంలో ఉంది. ఆ ముక్క కూడా చెప్పి పంపే దిక్కు లేదు మన పిల్లలకు.

గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. మంచి పని, కాదనను. కానీ ఆ డబ్బు కంటే ముందు మనిషి ఇంటికి చేరాలి కదా! ఎన్నికలప్పుడు ఆదివారం లేదు, పండుగ లేదు, అందరూ డ్యూటీలో ఉంటారు. చావు కాగితం దగ్గరికి వచ్చేసరికి క్యాలెండర్ చూపిస్తారు. ఒకప్పుడు ఊళ్లో ఎవరైనా పోతే పట్వారీ ఇంటికి పోయి అర్ధరాత్రి తలుపు కొట్టినా లేచి వచ్చేవాడు. ఇప్పుడు ఇన్ని కంప్యూటర్లు, ఇన్ని యాప్‌లు, అడిగితే సోమవారం రమ్మంటారు.

కలెక్టర్ గారు సెలవు రోజుల్లో కూడా ఒక డిప్యూటీ తహసీల్దారును ఈ పనికి పెట్టాలి. విదేశాల్లో చనిపోయినవాళ్ల పత్రాల మీద సంతకం చేసే అధికారం ఆయనకు ఇవ్వాలి. వచ్చే బక్రీద్ సెలవుల లోపే ఆయన ఫోన్ నంబరు మీ జిల్లా పేజీలో, ఆ లాంగ్ వీకెండ్ల బాక్స్ వేసిన చోటే వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా