ఎంపికైన వారి లెక్క సరే, నిలిచిన వారి లెక్క ఏదీ?

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ పత్రిక తిరుపతి, చిత్తూరు జిల్లా పేజీల్లో ఉద్యోగ మేళాల వార్తలు తరచూ వస్తుంటాయి. ఎన్ని కంపెనీలు వచ్చాయి, ఎంతమంది పేర్లు నమోదు చేసుకున్నారు, ఎందరు ఎంపికయ్యారు అన్న వివరాలతో పాటు నియామక పత్రాలు చేతబట్టుకుని నిలబడిన యువతీయువకుల ఫొటో కూడా ఉంటుంది. ఆ ముఖాల్లోని సంతోషం చూస్తే నాకూ సంతోషమే. అయితే మూడు నెలలు గడిచాక వారిలో ఎందరు ఇంకా ఆ ఉద్యోగాల్లో ఉన్నారు, వెళ్లిపోయినవారు ఎందుకు వెళ్లిపోయారు అన్న వార్త మాత్రం ఇంతవరకు ఎక్కడా చదవలేదు. రేణిగుంట పరిసరాల్లోని ఒక కర్మాగారంలో ఇరవై తొమ్మిదేళ్లు పర్సనల్ విభాగంలో, అంటే సిబ్బంది వ్యవహారాలు చూసే విభాగంలో, పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, ఆ రెండో లెక్క గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

ముందుగా ఎంపిక సంగతి. శ్రీసిటీ పారిశ్రామిక వాడకో, ఏర్పేడు వైపు వచ్చిన ఎలక్ట్రానిక్స్ యూనిట్లకో వెళ్లే పిల్లల్లో చాలామంది సత్యవేడు, నాగలాపురం, పుత్తూరు, శ్రీకాళహస్తి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవారు. వాళ్లు చేయబోయేది సన్నని భాగాలను పట్టకారుతో పట్టి సరైన చోట అమర్చే పని, అమర్చినదాన్ని పరీక్షించే పని. కాని ఇంటర్వ్యూలో వాళ్లను అడిగే మొదటి ప్రశ్న, మీ గురించి ఇంగ్లీషులో చెప్పండి అని. చేతిలో ఎంతో నేర్పున్న అమ్మాయి ఆ ఒక్క ప్రశ్న దగ్గర తడబడి వెనక్కి వెళ్లిపోవడం, గడగడా మాట్లాడగలిగిన అబ్బాయి చేరి రెండు వారాలకే ఆ పని నా వల్ల కాదని మానేయడం నేను ఎన్నోసార్లు చూశాను. ఏ పనికి తీసుకుంటున్నామో ఆ పనిలో ఒక ముక్కను అరగంట చేయించి చూడడం, అందరినీ ఒకే వరుసలో అవే ప్రశ్నలు అడిగి, ప్రతి జవాబుకూ ముందే అనుకున్న కొలత ప్రకారం మార్కులు వేయడం పెద్ద ఖర్చుతో కూడిన పనులేమీ కావు. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే అమెరికా పరిశోధకులు ఎనభై అయిదేళ్ల పరిశోధనలను క్రోడీకరించి 1998లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది. తోచిన ప్రశ్నలు తోచినట్టు అడిగే ఇంటర్వ్యూ కంటే ఈ రెండు పద్ధతులే మనిషి రేపు ఎలా పనిచేస్తాడో మెరుగ్గా అంచనా వేస్తాయని అందులో తేలింది. హోటల్ రిసెప్షన్‌కు మనిషిని తీసుకునేటప్పుడు, గది సిద్ధం కాకముందే కొండ దిగి అలసిపోయి వచ్చిన కుటుంబంతో ఎలా మాట్లాడతారో చేసి చూపించమని అడిగితే చాలు, డిగ్రీ మార్కుల జాబితా చెప్పని విషయాలు ఎన్నో తెలుస్తాయి.

ఇక చేరిన తర్వాతి రోజులు. నా అసలు బాధ ఇక్కడే ఉంది. ఒక ఏడాది మా దగ్గర వేసవిలో చేర్చుకున్న కుర్రవాళ్లలో సగానికి సగం దీపావళి నాటికి కనిపించలేదు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదని మా మేనేజర్లు తీర్మానించేశారు. నేనూ, హాజరు లెక్కలు చూసే టైమ్ ఆఫీసులో పనిచేసే ఒక మిత్రుడూ కలిసి రెండు ఆదివారాలు వాళ్ల ఊళ్లకు వెళ్లి అడిగాం. జీతం చాలలేదని చెప్పినవారు చాలా తక్కువ. హాజరు లెక్క ప్రతి నెలా 20వ తేదీతో ముగుస్తుందనీ, ఆ తర్వాత పనిచేసిన రోజుల జీతం వచ్చే నెలలో కలుస్తుందనీ చెప్పినవారు లేక, మొదటి నెల చేతికి వచ్చిన కొద్ది మొత్తం చూసి మోసపోయామనుకున్నవారు ఉన్నారు. రాత్రి షిఫ్టు దిగాక ఏ బస్సు ఎక్కాలో తెలియక గేటు దగ్గరే తెల్లవార్లూ కూర్చున్న అబ్బాయి ఉన్నాడు. మిషన్ ఆగిపోతే ఎవరికి చెప్పాలో తెలియక తానే ఏదో చేయబోయి, అందరి ముందూ తిట్లు తిని, మర్నాటి నుంచి రావడం మానేసిన అమ్మాయి ఉంది. వీటిలో ఒక్కదానికీ డబ్బు ఖర్చు పెట్టాల్సిన అవసరం లేదు. మొదటి రోజు ఒక గంట కూర్చోబెట్టి తెలుగులో చెప్పి, మొదటి నెల పక్కన ఒక పాత మనిషిని తోడుంచితే సరిపోయేది.

జీతం సంగతి ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నమ్మకం మొదట చెడేది అక్కడే. మేళాలో పదిహేను వేలు అని చెబుతారు. ఆ మొత్తమంతటి మీదా పి.ఎఫ్. (భవిష్య నిధి) కోస్తే 12 శాతం చొప్పున 1,800 రూపాయలు, ఇ.ఎస్.ఐ.కి (కార్మికుల ఆరోగ్య బీమాకు) 0.75 శాతం చొప్పున 113 రూపాయలు పోగా చేతికి వచ్చేది 13,087 రూపాయలు. పి.ఎఫ్.లో తన వంతుతో పాటు యజమాని వంతు కూడా జమవుతుందనీ, ఇ.ఎస్.ఐ. కింద తనకే కాక తన మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం అందుతుందనీ, తిరుపతిలోనే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉందనీ ఆ కుర్రవాడికి ఎవరైనా చెప్పారా? చెప్పకపోతే అతడి దృష్టిలో అవి కోతలే. ఇంట్లో తండ్రికి జబ్బు చేస్తే, హక్కుగా దొరికే వైద్యం ఉన్న సంగతి తెలియక వడ్డీకి అప్పు తెచ్చి ప్రైవేటు ఆసుపత్రికి కట్టిన కార్మికులను నేను ఎరుగుదును.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు వేరు, వాటి చర్చలోకి ఇప్పుడు వెళ్లను. అయితే కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలన్న నిబంధనను మాత్రం మన జిల్లాల యాజమాన్యాలు మనసుపెట్టి అమలు చేయాలని కోరుతున్నాను. ఆ పత్రం తెలుగులో ఉండాలి. తమిళం చదువుకుని వచ్చిన సరిహద్దు పల్లెల పిల్లలకు తమిళంలో ఉండాలి. చదవలేని భాషలోని కాగితం మీద సంతకం చేయించుకుని, రేపు ఏదైనా తగాదా వస్తే ఇదిగో నీ సంతకం అని చూపించడం న్యాయం కాదు. నియామక పత్రం ఇవ్వకపోగా, అధ్యాపకుల ఒరిజినల్ సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకుని తాళం వేసుకునే ప్రైవేటు విద్యాసంస్థల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. మనిషి వెళ్లిపోతాడన్న భయంతో అతడి చదువును తాకట్టు పెట్టించుకునే చోట మంచి ఉపాధ్యాయులు ఎందుకు నిలుస్తారు?

పనితీరు మదింపు గురించి రాసేటప్పుడు నా తప్పును కూడా ఒప్పుకోవాలి. ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు ఉద్యోగుల పనితీరు మీద పై అధికారులు ఏటా రాసే రహస్య నివేదికలు టైపు చేయించి ఫైళ్లలో భద్రపరిచే బాధ్యత నాది. ఒక ఆపరేటర్‌కు వరుసగా ఆరేళ్లు ఒకే మాట రాశారు, సాధారణం అని. అతడి మిషన్ మీద తిరస్కరణలు, అంటే నాణ్యత లేక పక్కన పెట్టే ముక్కలు, తక్కువ, హాజరు బాగుంది. ఎప్పుడో ఒకసారి సూపర్‌వైజర్‌కు ఎదురు చెప్పాడు, అంతే. ఆ ఒక్క విషయమే మిగతా అన్నిటి మీదా నీడలా పడింది. సైన్యంలో అధికారులు తమ కింది సైనికులకు వేసిన మార్కులను పరిశీలించి ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1920లోనే ఈ దోషాన్ని వివరించాడు. ఒక లక్షణం నచ్చితే అన్నిట్లోనూ ఎక్కువ, నచ్చకపోతే అన్నిట్లోనూ తక్కువ వేయడం మనిషి స్వభావం. ఆ ఆపరేటర్‌కు ప్రమోషన్ రాలేదు. కారణం అడగడానికి నా దగ్గరకు వచ్చినప్పుడు, నివేదిక రహస్యం కనుక చెప్పడానికి వీల్లేదని పంపేశాను. అప్పటి నిబంధన అదే అయినా ఆ రోజు అతడి ముఖం నాకింకా గుర్తుంది.

సుప్రీంకోర్టు 2008లో దేవ్‌దత్ కేసులో ఇచ్చిన తీర్పు చదివినప్పుడు ఆ ఆపరేటరే కళ్లముందు కదిలాడు. దేవ్‌దత్ సరిహద్దు రహదారుల విభాగంలో ఇంజినీరు. రహస్య నివేదికలో ఆయనకు ఒక ఏడాది వచ్చిన వ్యాఖ్య 'బాగుంది' అని. చూడడానికి మంచి మాటే, కాని ప్రమోషన్‌కు 'చాలా బాగుంది' అని ఉండాలి. ఆ సంగతి ఆయనకు ముందు తెలియజేయలేదు. మంచిదైనా చెడ్డదైనా ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలనీ, దాని మీద విన్నవించుకునే అవకాశం ఇవ్వాలనీ న్యాయస్థానం స్పష్టం చేసింది. 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం సుఖ్‌దేవ్‌సింగ్ కేసులో దాన్నే బలపరిచింది. ఆ తీర్పులు ప్రభుత్వోద్యోగులకు సంబంధించినవి. ప్రైవేటు యాజమాన్యాన్ని అవి కట్టడి చేయకపోయినా, అందులోని న్యాయం ప్రైవేటు కంపెనీలో పనిచేసే మనిషికి మాత్రం ఎందుకు వర్తించకూడదు? ఏడాదికోసారి కంప్యూటర్‌లో మార్కు వేసి ఇంక్రిమెంటు ఉత్తరం చేతిలో పెట్టడం కంటే, మూడు నెలలకోసారి పావుగంట ఎదురెదురుగా కూర్చుని, ఏది బాగా చేశావు, ఎక్కడ వెనకబడ్డావు, నీకు మా నుంచి ఏం కావాలి అని మాట్లాడడం మేలు. ఫలానా వారం తిరస్కరణలు ఎందుకు పెరిగాయని అడిగితే మనిషి ఆలోచిస్తాడు, నీ వైఖరి బాగాలేదంటే ముడుచుకుపోతాడు. ఇంతమందికి పై మార్కు, ఇంతమందికి తప్పనిసరిగా అట్టడుగు మార్కు వేయాలన్న పద్ధతిని మైక్రోసాఫ్ట్ సంస్థే 2013లో వదిలేసింది. మన దగ్గర కొన్నిచోట్ల ఇంకా దాన్ని పట్టుకుని వేళ్లాడుతున్నారు.

సెలవుల విషయంలో స్థానిక జీవితం తెలియకపోవడం వల్ల వచ్చే చిక్కులు చాలా ఉన్నాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తే తిరుపతి మనిషి వేషం కట్టకుండా, ఇంటివాళ్లు పొంగలి పెట్టకుండా ఉండలేరు. చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎవరి జాతర వారికి ఉంటుంది. బయటి నుంచి వచ్చిన మేనేజర్‌కు అది ఉత్పత్తి పడిపోయే వారం, అంతే. హోటళ్లలోనైతే బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి ఎవరికీ సెలవు దొరకదు. అది అర్థం చేసుకోదగినదే, కాని ఆ తర్వాతైనా ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఏడాది మొదట్లోనే ఊళ్లవారీగా జాతర తేదీలు రాసుకుని, ఎవరి బదులు ఎవరు రావాలో వాళ్లనే మాట్లాడుకోమని మేం ఒక పట్టిక పెట్టిన తర్వాత చెప్పకుండా మానేసేవారు బాగా తగ్గారు.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు పరిశ్రమల్లో తోతాపురి కాలంలో మాత్రమే పని ఉంటుంది. ఏటేటా అదే ఆడవాళ్లు అదే పనికి వస్తారు. వారి పేరు, కిందటేటి పని, నేర్పు ఎక్కడా రాసి ఉండక, ప్రతి ఏడూ కొత్తవాళ్లలాగే మేస్త్రీ వెంట గేటు దగ్గర నిలబడడం నేను చూశాను. ఒక నోటుపుస్తకం పెట్టి, పాతవారిని ముందు పిలిచి, అనుభవానికి తగ్గట్టు కూలి కాస్త పెంచితే కొత్తవారికి నేర్పించే శ్రమ యాజమాన్యానికే తగ్గుతుంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువమంది కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలనీ, అందులో మహిళలకు తగినంత చోటు ఉండాలనీ కొత్త లేబర్ కోడ్‌లలో ఒకటైన పారిశ్రామిక సంబంధాల కోడ్ అంటోంది. ఆ కమిటీల్లో ఎవరున్నారో పనిచేసే ఆడవాళ్లకు తెలియకపోతే అవి ఉండీ లేనట్టే.

అందువల్ల మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఉద్యోగ మేళా వార్త వేసినప్పుడు ఆ కంపెనీల జాబితాను మీ విలేకరుల దగ్గర ఉంచుకోండి. మూడు నెలలయ్యాక అదే కంపెనీలకు వెళ్లి ఎందరు మిగిలారని అడగండి, వెళ్లిపోయిన వారిని కూడా వాళ్ల ఊళ్లలో పలకరించి వారు చెప్పింది రాయండి. జిల్లా ఉపాధి కల్పన అధికారులు కూడా ఆ అంకెను మేళా నివేదికలో ఒక గడిగా చేర్చాలని మీ ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత పర్సనల్ అధికారి,
తిరుపతి.