పది నెలల ఇంటర్న్‌షిప్ కాగితాల మీదే జరిగిపోతే పిల్లలకు నోరు ఎలా పెగులుతుంది?

సంపాదకుడి గారికి నమస్కారం.

పోయిన నెలలో మా యూనిట్లో ట్రైనీల ఇంటర్వ్యూలు పెట్టాం. పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాలు చేసే చిన్న యూనిట్ మాది, నేను క్వాలిటీ చూస్తాను, నాలుగేళ్లుగా ఇంటర్వ్యూల్లో కూడా కూర్చుంటున్నాను. ఆ రోజు 18 మంది వచ్చారు, అందరివీ మంచి మార్కులే. ఆరుగురు కావాల్సిన చోట ఇద్దరినే తీసుకోగలిగాం. మిగతా పిల్లలు ఫైళ్లు పట్టుకుని గేటు దాటి పోతుంటే చూడలేకపోయాను, అప్పటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటున్నాను.

ఆ 18 మందిలో ఒక అబ్బాయి గురించి చెప్తాను. కళ్యాణదుర్గం వైపు పల్లె, మెకానికల్ ఇంజనీరింగ్, 80 శాతం దాకా మార్కులున్నాయి. నీ గురించి చెప్పమని మా మేనేజర్ ఇంగ్లీషులో అడగ్గానే బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు గబగబా చెప్పేసి ఐదో వాక్యం గుర్తు రాక ఆగిపోయాడు. ప్రాజెక్టు ఏం చేశావంటే పేరు చెప్పాడు. అందులో నీ పని ఏంటంటే తల దించుకున్నాడు, ఫైలు కవరు అంచు మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు, చేతుల చెమటకు ఆ ప్లాస్టిక్ వేళ్లకు అతుక్కుంటోంది. నాకు మనసొప్పక, ఇంటి దగ్గర ఏం పని చేస్తుంటావు నాయనా అని తెలుగులో అడిగాను. "చీనీ తోట ఉంది సార్, డ్రిప్పు అంతా నేనే చూస్కుంటా" అన్నాడు. చీనీ అంటే బత్తాయి.

అక్కడి నుంచి వేరే మనిషి అయిపోయాడు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ సార్, డ్రిప్పర్లు మూసుకుపోతాయి అన్నాడు. ఏ లైను చివర నీళ్లు తగ్గాయో తెలుసుకోవడానికి చెట్టు కింద డబ్బా పెట్టి, ఎన్ని నిమిషాలకు నిండుతుందో ఫోన్లో టైము చూసి, మొదటి చెట్టుకీ చివరి చెట్టుకీ తేడా రాసుకుంటాడట. ఫిల్టరు కడిగినా తేడా పోకపోతే అప్పుడు యాసిడ్ పెడతాడట, పెట్టాక చివరి మూతలు తీసి నీళ్లు వదలకపోతే ఏమవుతుందో కూడా చెప్పాడు. పది నిమిషాలు మాట్లాడాడు, మా మేనేజర్ పెన్ను పక్కన పెట్టి విన్నాడు. కొలవడం, తేడా ఎక్కడుందో పట్టుకోవడం, కారణం వెతకడం, సరిచేసి మళ్లీ కొలవడం, మా క్వాలిటీ డిపార్ట్‌మెంట్లో రోజంతా చేసేది ఇదే. ఆ పిల్లోడికి ఈ పని వచ్చు, కానీ తనకు వచ్చన్న సంగతి నాలుగేళ్ల చదువులో అతనికి ఎవరూ చెప్పలేదు. మేము తీసుకున్న ఇద్దరిలో అతనొకడు.

సాఫ్ట్ స్కిల్స్ అనగానే చాలా కాలేజీల్లో చేసేది ప్లేస్‌మెంట్ల ముందు మూడు రోజుల శిక్షణ. ఎవరో వచ్చి షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలో, ఎలా కూర్చోవాలో, గ్రూప్ డిస్కషన్‌లో మొదట మాట ఎలా అందుకోవాలో చెప్పి పోతారు. పనికిరాదని అనను, పిల్లలకు కాస్త బెరుకు తగ్గొచ్చు. కానీ మా షాప్‌ఫ్లోర్ మీద అవసరమయ్యే మాటలు వేరు. "నాకు అర్థం కాలేదు సార్, ఇంకోసారి చూపించండి" అనగలగాలి. షిఫ్టు దిగేటప్పుడు వచ్చేవాడికి ఏ మెషిన్ ఎలా ఉందో మూడు లైన్లలో లాగ్‌బుక్‌లో రాయగలగాలి. తప్పు జరిగితే అది ముందుకు పోకముందే ఆపమని చెప్పగలగాలి.

పోయిన ఏడాది రాత్రి షిఫ్టులో ఇలాగే జరిగింది. డ్రిల్లు అరిగి రంధ్రం అంచున సన్నటి పొర మిగులుతోంది, మేం దాన్ని బర్ అంటాం, వేలితో తడిమితే గీరుకుంటుంది. కొత్తగా చేరిన ట్రైనీ దాన్ని మొదటి అరగంటలోనే చూశాడు. చూసి కూడా చెప్పలేదు, ఆపరేటర్ తనకంటే ఇరవై ఏళ్లు పెద్ద, ఏమనుకుంటాడో అని భయపడ్డాడు. తెల్లారేదాకా అవే ముక్కలు వచ్చాయి, లాటు మొత్తం వెనక్కి వచ్చింది. ఏరి, గీకి, మళ్లీ పంపడానికి మాకు రెండు రోజులు పట్టింది. అడిగితే ఏడుపు గొంతుతో "చూశాను సార్, చెప్పాలని తెలీలేదు" అన్నాడు. ఈ భయం క్లాసులో పాఠం చెబితే పోయేది కాదు, పని చేసే చోట పెద్దవాళ్ల మధ్య కొన్ని నెలలు మసలితేనే పోతుంది.

ఆ కొన్ని నెలలు ఇవ్వడానికే కదా మన రాష్ట్రంలో 2020-21లో డిగ్రీ చదువు మార్చి పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు ఊళ్లో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం పనిలోనే. నిజంగా మంచి ఆలోచన అది, అప్పుడు నేను చాలా సంతోషించాను. కింద దాకా వచ్చేసరికి ఏమైందో మా ఇంట్లోనే చూశాను.

మా అమ్మాయి అనంతపురంలో బీకాం చదివింది. సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అనగానే క్లాసులో చాలామంది డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నారు, ప్రాజెక్టు రిపోర్టు కూడా ఆ సర్టిఫికెట్ అమ్మేవాళ్లే ప్రింట్ తీసి ఇస్తారట. మా అమ్మాయీ అదే దారిలో పోబోతోందని తెలిసి కోప్పడ్డాను. "ఎక్కడికి పోవాలో కాలేజీలో చెప్పలేదు నాన్నా, నువ్వైనా చెప్పావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అంతకు ముందే మా యూనిట్‌కి ఇంటర్న్‌షిప్ కోసం రెండు కాలేజీల నుంచి ఉత్తరాలు వస్తే, ప్రొడక్షన్ టెన్షన్‌లో ఉన్నాం, పిల్లలకు దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు అని వద్దన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

తర్వాత తెలిసినవాళ్లను పట్టుకుని జీఎస్టీ లెక్కలు చూసే ఒక ఆఫీసులో పెట్టించాను. మొదటి వారం ఫోన్ మోగితే ఎత్తేది కాదు, పక్క సీట్లో అక్కకు ఇచ్చేసేది. రెండో నెలలో ఒక రోజు ఇంటి నుంచే షాపు ఆయనకు ఫోన్ చేసి, "అన్నా, మీరు పంపిన బిల్లు నంబరు, ఈ-వే బిల్లులో నంబరు కలవడం లేదు, ఈ రోజే సరిచేసి పంపండి, లేకుంటే రిటర్న్ ఆగిపోతుంది" అని చెప్తుంటే వంటింట్లో మా ఆవిడ పని ఆపి వింది. ఇప్పుడు అదే ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఆమె క్లాసులో ఆమెకంటే తెలివైన పిల్లలు ఇంకా ఖాళీగా ఉన్నారు, వాళ్ల గురించే నా బాధంతా.

2023-24 ఆర్థిక సర్వేలో దేశంలోని యువతలో ఉద్యోగానికి సిద్ధంగా ఉన్నవాళ్లు 51.25 శాతమే అని రాశారు. మిగతా సగం మందికి తెలివి లేదని దాని అర్థం కాదు, పని ముఖం చూపించకుండా వాళ్లను బయటికి పంపుతున్నాం.

మన వైపు పరిశ్రమలు లేవని ఇంకా ఎవరైనా అంటే ఒప్పుకోను. కియా ఒప్పందం 2017లో అయింది, 2019 నుంచి ఎర్రమంచిలో కార్లు తయారవుతున్నాయి, దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు వచ్చాయి. తాడిపత్రి వైపు సిమెంటు ఉంది, గ్రానైట్ ఉంది, 2020 జనవరిలో అక్కడి నుంచి ముంబై రేవుకు అరటిపండ్లతో ప్రత్యేక రైలే వెళ్లింది. రాయదుర్గంలో జీన్స్ కుడుతున్నారు, ధర్మవరంలో పట్టు ఉంది. జిల్లా రెండుగా విడిపోయినా పిల్లలకు అన్నీ బస్సు దూరంలోనే ఉన్నాయి. ఇంకో పక్క 1948 నుంచి అనంతపురంలో నడుస్తున్న ఇంజనీరింగ్ కాలేజీ నేటి జేఎన్‌టీయూ, 1981లో వచ్చిన ఎస్కే యూనివర్సిటీ, 2018లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. ఇన్ని చదువులకీ ఇన్ని పనులకీ మధ్య రాకపోకలు ఎందుకు లేవు? రాయదుర్గంలో బట్టలు కుట్టే యూనిట్‌కి లెక్కలు రాసేవాళ్లు కావాలి, అరటి ఎగుమతికి నాణ్యత చూసి కాగితాలు సిద్ధం చేసేవాళ్లు కావాలి, బీకాం, బీఎస్సీ పిల్లలకు ఇవి చక్కగా సరిపోయే పనులు.

చట్టాలు కూడా అడ్డం లేవు. 1961 అప్రెంటిస్ చట్టం కిందే 30 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలు సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. జాతీయ అప్రెంటిస్ శిక్షణ పథకంలో గ్రాడ్యుయేట్లకు కనీస స్టైపెండ్‌లో సగం కేంద్రమే భరిస్తుంది. ఈ సంగతి మా పక్క చిన్న యూనిట్ల ఓనర్లకు చెప్తే ఆశ్చర్యపోతున్నారు. యూనివర్సిటీల వ్యవహారాలు చూసే యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అని తెచ్చింది, మంజూరైన పోస్టుల్లో పది శాతం దాకా పరిశ్రమల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లతో పాఠం చెప్పించొచ్చు, పీహెచ్‌డీ అక్కర్లేదు.

కాలేజీలను, అధికారులను నేను అడిగేది పెద్దదేం కాదు. జిల్లా పరిశ్రమల కేంద్రం దగ్గర యూనిట్ల వివరాలు ఉంటాయి కదా, ఏ యూనిట్ ఏ నెలలో ఎంతమందిని తీసుకోగలదో అడిగి రాసి, ఆ జాబితా ప్రతి కాలేజీ నోటీసు బోర్డులో పెట్టండి. పిల్లలను పంపాక నెలకోసారైనా లెక్చరర్ అక్కడికి వచ్చి చూడాలి, అలా వచ్చిన రోజును డ్యూటీగానే లెక్కించాలి. చివర్లో మార్కులు రిపోర్టు లావు చూసి వేయకండి, యూనిట్ నుంచి ఒకరిని కూర్చోబెట్టి, నువ్వేం చేశావు, ఏం చెడిపోయింది, ఎలా సరిచేశావు అని పిల్లలను నోటితో చెప్పించండి. తెలుగులో చెప్పినా మార్కులు వేయండి. చేసిన పనిని సొంత భాషలో తడబడకుండా చెప్పగలిగితే ఇంగ్లీషులో చెప్పడం ఆరు నెలల్లో వస్తుంది, మా యూనిట్లో నేను చూస్తూనే ఉన్నాను. ఆడపిల్లల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి, 2025 ఆగస్టు నుంచి వాళ్లకు ఆర్టీసీలో ప్రయాణం ఉచితమే అయినా చీకటి పడ్డాక హైవే మీద బస్సు కోసం నిలబడాల్సి వస్తే ఏ తల్లీ పంపదు, కాబట్టి వాళ్లకు పగటి షిఫ్టే ఇవ్వాలని, యూనిట్ బస్సులో ఎక్కించుకోవాలని ఒప్పందంలోనే రాయించండి.

ఇక మా వైపు సంగతి. ఈసారి మా ఓనర్‌తో మాట్లాడాను. పది మందిని తీసుకోవడానికి ఒప్పుకున్నారు, మొదటి వారమంతా మెషిన్ల దగ్గరికి పంపకుండా భద్రత గురించే చెప్తాం, తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో సీనియర్‌ను అప్పజెప్తాం, రోజూ సాయంత్రం లాగ్‌బుక్ వాళ్లతోనే రాయిస్తాం. చీనీ తోట అబ్బాయి కూడా వాళ్లకు తోడుంటానన్నాడు. వచ్చే సెమిస్టర్ మొదలయ్యేలోపు ఏ కాలేజీ వాళ్లు అడిగినా మేము సిద్ధం, చుట్టుపక్కల యూనిట్ల వాళ్లు కూడా తలా నలుగురైదుగురిని తీసుకోవాలని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

— ఒక పాఠకుడు, అనంతపురం