శాతం ఒక్కటే చూసి హడలిపోకు

ఒరేయ్ ప్రసాదూ,

మీ నాన్నగారి మెడ డాప్లర్ (ధ్వని తరంగాలతో రక్తనాళాలు చూసే స్కాన్) రిపోర్టు చూశాను. కుడి కెరోటిడ్‌లో, అంటే మెదడుకి రక్తం తీసుకెళ్లే మెడ ధమనిలో, 60 శాతం స్టెనోసిస్ (ఇరుకు) అనగానే ఇంటిల్లిపాదీ హడలిపోయి ఉంటారు. ముందు ఆ శాతం దేనిదో కనుక్కో. నాళం వ్యాసం సగానికి తగ్గితే, లోపలి విస్తీర్ణం 75 శాతం తగ్గినట్టు. ఇరుకు ఒకటే, అంకెలు రెండు! మెడనాళానికి ఆపరేషన్ కావాలా వద్దా అనేది వ్యాసం లెక్కమీదే చూస్తారు.

అసలు డాప్లర్ ముఖ్యంగా కొలిచేది రక్తం వేగాన్ని. పైపు నోటికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు చిమ్మినట్టే, ఇరుకులో రక్తం ఉరుకుతుంది. రిపోర్టులో పీఎస్‌వీ (గుండె కొట్టుకున్నప్పుడు రక్తం అందుకునే గరిష్ఠ వేగం) అనే అంకె వెతుకు. సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే 50 శాతానికి పైన, 230 దాటితే 70కి పైన అని సాధారణంగా లెక్క. ఇందులో ఓ తిరకాసుంది. నాళం దాదాపు పూడుకుపోయినప్పుడు వేగం మళ్లీ పడిపోతుంది. ఆ అంకె ఒక్కటే చూస్తే పర్లేదనిపిస్తుంది. అనుమానం వస్తే సీటీ యాంజియో (నరంలోకి డై ఎక్కించి నాళాలు చూసే స్కాన్) రాస్తారు. దానికి వెళ్లేముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతుందో చెప్పాలి, ఆ డై కిడ్నీలకి పడకపోవచ్చు.

శాతం కన్నా నన్ను అడిగితే ముఖ్యమైంది ఇది: గత ఆరు నెలల్లో ఎడమ చెయ్యో కాలో కాసేపు పట్టు తప్పిందా? మూతి వంకర పోయిందా? మాట తడబడిందా? కుడి కంటికి తెర దించినట్టు అయిందా? (ఇరుకు కుడివైపుంటే ఒంట్లో ఎడమవైపు దెబ్బ తింటుంది, కన్ను మాత్రం అటువైపుదే.) అయిదు నిమిషాల్లో సర్దుకున్నా సరే, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. అలా జరిగి ఇరుకు 70 దాటితే, రెండు వారాల్లోపు ఆపరేషన్ చేస్తేనే ఎక్కువ ఫలితం. ఏ లక్షణమూ లేని 60 శాతానికి మామూలుగా స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర), రక్తం పల్చబడే మాత్ర, బీపీ అదుపు, సిగరెట్ మానడం. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక నడిస్తే నాన్నగారికి పిక్కలు పట్టేస్తున్నాయన్నావు కదా. కాలి ధమని ఇరుకైతే ఊరికే నిలబడినా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. వెన్నులో నరాల దారి ఇరుకైతే నిలబడితే తగ్గదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. అలాంటివాళ్లు నాలుగడుగులు నడవలేరుగానీ సైకిల్ హాయిగా తొక్కుతారు. తేల్చుకోవాలంటే చీలమండ దగ్గరి పై బీపీని చేతి పై బీపీతో భాగిస్తారు. 0.9, అంతకన్నా తక్కువొస్తే ధమని గొడవే. ఆయనకి షుగర్ ఉంది కాబట్టి నాళాలు గట్టిపడి 1.4 దాటి రావచ్చు. అది మంచి అంకె కాదు, అప్పుడు కాలి బొటనవేలి దగ్గర బీపీ కొలవమని అడుగు.

ఫొటోలో ఎడమవైపు అంకెలు తెగిపోయాయిరా. ఆ పేజీ మళ్లీ తీసి పంపు.

ఉంటాను,
నీ రఘు